ఫిల్లింగ్ పంటిని ఎలా పట్టుకుంటుంది? ఎందుకు వదిలేస్తుంది?

2025 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో పంటికి అమాల్గమ్, అంటే పాదరసం కలిసిన నల్లటి లోహపు ఫిల్లింగ్, నింపడం ఆగిపోయింది. వైద్యపరంగా తప్పదనుకున్న సందర్భాలకే మినహాయింపు ఉంది. అదే ఏడాది నవంబరులో పాదరసం వాడకాన్ని అరికట్టడానికి కుదిరిన మినమాటా ఒప్పందంలోని దేశాలు జెనీవాలో సమావేశమై, 2034 నాటికి ప్రపంచమంతటా అమాల్గమ్ వాడకం ఆగిపోవాలని నిర్ణయించాయి. ఈ వార్తలు వచ్చినప్పటి నుంచి రెండు ప్రశ్నలు పదే పదే వినిపిస్తున్నాయి. నోట్లో ఉన్న నల్ల ఫిల్లింగ్ తీయించేసుకోవాలా? దాని బదులు వేసే తెల్ల ఫిల్లింగ్ అంతకాలం నిలుస్తుందా?

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. అమాల్గమ్‌లో బరువు లెక్కన దాదాపు సగం పాదరసమే. అది మురుగునీటిలోకి, గాలిలోకి, అక్కడి నుంచి చేపల్లోకి చేరుతుందన్నదే ఈ నిర్ణయాల వెనకున్న ప్రధానమైన ఆందోళన. బాగా ఉన్న పాత ఫిల్లింగ్‌ను పనిగట్టుకుని తీయించుకోవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లోనే చెప్పింది. డ్రిల్‌తో దాన్ని తవ్వేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా బయటికొస్తుంది.

రెండో ప్రశ్న మాత్రం అంత తేలిగ్గా తేలదు. తెల్ల ఫిల్లింగ్ గట్టిదా కాదా అని అడిగితే సగమే అడిగినట్టు. ఆ పదార్థం గట్టిదే. పంటికీ దానికీ మధ్య ఉన్న అతుకు ఎన్నేళ్లు తట్టుకుంటుందన్నదే అసలు ప్రశ్న. డెబ్బై ఏళ్లుగా సాగుతున్న పరిశోధన అంతా, నా దృష్టిలో, కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మందం ఉండే ఆ అతుకు చుట్టూనే తిరుగుతోంది.

ఇరుక్కుని ఉండటం వేరు, అంటుకుని ఉండటం వేరు

అమాల్గమ్ పంటికి అంటుకోదు. ఇరుక్కుని ఉంటుందంతే. డాక్టర్ పుచ్చును తీసేశాక గుంతను మూతి దగ్గర ఇరుగ్గా, అడుగున వెడల్పుగా చెక్కుతారు. మెత్తగా ఉన్నప్పుడు లోపలికి కూరిన లోహం గట్టిపడ్డాక ఇక బయటికి రాలేదు. ఈ ఆకారం కోసం పుచ్చని పన్నును కూడా కొంత కోయక తప్పదు. అమాల్గమ్ పద్ధతిలోని పెద్ద నష్టం ఇదే. లాభం కూడా ఒకటుంది. కాలం గడిచేకొద్దీ లోహం తుప్పుపట్టి, ఆ తుప్పే అంచుల్లోని సన్నని సందుల్ని పూడ్చేస్తుంది. అంటే తన చుట్టూ ఉన్న ఖాళీని తానే మూసుకుంటుంది.

తెల్ల ఫిల్లింగ్‌ను కాంపోజిట్ అంటారు. రెజిన్ అనే ప్లాస్టిక్ జాతి ద్రవంలో గాజు, సిలికా లాంటి సన్నని పొడిని కలిపిన ముద్ద అది. నీలి వెలుగు తగిలితే గట్టిపడుతుంది. ఇప్పుడు వాడే చాలా కాంపోజిట్లకు మూలమైన బిస్-జీఎంఏ అనే రెజిన్‌ను అమెరికాలో రాఫెల్ బోవెన్ తయారుచేశారు. దాని పేటెంట్ 1962 నాటిది. ఈ ముద్ద కూడా తనంతట తాను పంటికి అంటుకోదు. మధ్యలో పల్చగా ఒక జిగురు పొర పూయాలి. దాన్నే అడ్హెసివ్ అనీ, బాండింగ్ ఏజెంట్ అనీ పిలుస్తారు. ఆ పొర పని చేస్తే పుచ్చినంత మేర తీస్తే చాలు, ఆకారం కోసం మంచి పన్నును కోయనక్కర్లేదు. ఆ పొర పని చేయకపోతే మాత్రం కాపాడటానికి తుప్పు కూడా ఉండదు.

ఎనామిల్ దగ్గర పని సులువు

పంటి పై పెంకు ఎనామిల్. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందులో తడి చాలా తక్కువ. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ఒక పద్ధతి ప్రచురించారు. రంగు బాగా పట్టాలని పరిశ్రమల్లో లోహపు ఉపరితలానికి ఫాస్ఫారిక్ ఆమ్లం పూయడం ఆయన గమనించారు. అదే పని పంటి మీద చేసి చూశారు. ఆయన వాడింది 85 శాతం గాఢత ఉన్న ఆమ్లం. ఇప్పుడు సాధారణంగా వాడేది 37 శాతానికి అటూ ఇటూ ఉండే జెల్.

ఈ పని దగ్గర నుంచి చూస్తే విషయం కంటికే అర్థమవుతుంది. నిగనిగలాడే ఎనామిల్ మీద రంగు జెల్ పూసి, పదిహేను నుంచి ముప్పై సెకన్లు ఉంచి, నీళ్లతో కడిగి గాలితో ఆరబెడతారు. జెల్ తగిలిన చోట నిగారింపు పోయి సుద్ద పూసినట్టు తెల్లగా పాలిపోతుంది. ఆ పాలిపోవడమే గుర్తు. ఆమ్లం ఖనిజాన్ని కొంచెం తినేసి లెక్కలేనన్ని సూక్ష్మమైన గుంటలు చేసింది. పల్చటి రెజిన్ ఆ గుంటల్లోకి దిగి గట్టిపడుతుంది, వేల వేళ్లు ఒకేసారి నాటుకున్నట్టు. ఎనామిల్‌తో ఈ అతుకు నమ్మకమైనది. అప్పటి నుంచి దీన్ని మించిన పద్ధతి రాలేదంటే అతిశయోక్తి కాదు.

చిక్కంతా డెంటిన్ దగ్గరే

ఎనామిల్ కింద ఉండేది డెంటిన్. పుచ్చు లోతుగా వెళ్లిన ప్రతిసారీ జిగురు పట్టాల్సింది ఎక్కువగా దీనికే. ఇందులో ఖనిజం బరువు లెక్కన 70 శాతం దాకా ఉంటుంది. మిగిలింది కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్, నీరు. పైగా లోపలున్న గుజ్జు నుంచి బయటివైపుకు సన్నని గొట్టాలు వెళ్తుంటాయి. గుజ్జు దగ్గర ఒక్క చదరపు మిల్లీమీటర్‌లో 45,000 దాకా, పై అంచు దగ్గర సుమారు 20,000 ఉంటాయి. వాటి నిండా ద్రవమే. చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమనేది ఆ ద్రవం కదలడం వల్లేనన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఇప్పుడు చిక్కు అర్థమవుతుంది. రెజిన్‌కు నీళ్లంటే పడదు. అలాంటిదాన్ని లోపలి నుంచి చెమ్మ ఊరుతూ ఉండే గోడకు అంటించాలి. దీనికి తోడు డ్రిల్ తిరిగినప్పుడు రేగిన పొడి, తడితో కలిసి గోడ మీద అలుకులా పట్టేస్తుంది. దీన్ని స్మియర్ పొర అంటారు. దాని మీద జిగురు పూస్తే జిగురు పట్టుకునేది పన్నును కాదు, ఆ మట్టిని.

1982లో జపాన్ పరిశోధకుడు నోబువో నకబయాషి బృందం దారి చూపించింది. ఆమ్లం డెంటిన్ పైపై ఖనిజాన్ని తీసేస్తే కొల్లాజెన్ పీచు వల బయటపడుతుంది. ఆ వల సందుల్లోకి రెజిన్ ఇంకి గట్టిపడితే సగం పన్ను, సగం రెజిన్‌గా కొత్త పొర ఏర్పడుతుంది. దానికి హైబ్రిడ్ పొర అని పేరు పెట్టారు. డెంటిన్ బాండింగ్ గురించి తర్వాత వచ్చిన ఆలోచనలన్నీ ఈ పొర చుట్టూనే సాగాయి.

అయితే ఇక్కడ డాక్టర్ చేతి నేర్పు మీద చాలా ఆధారపడి ఉంది. చెరువు నీళ్లలో నాచు విప్పారి ఉంటుంది. బయటికి తీస్తే ముద్దకట్టుకుపోతుంది. కొల్లాజెన్ వల కూడా అంతే. ఎక్కువ ఆరబెడితే పీచులన్నీ కుప్పకూలి సందులు మూసుకుపోతాయి, రెజిన్ లోపలికి దిగదు. తక్కువ ఆరబెడితే సందుల్లో నీళ్లు మిగిలి రెజిన్‌కు చోటుండదు. ఈ రెండింటి మధ్య ఉన్న సరైన తడి కొన్ని సెకన్ల గాలి తేడాలో తప్పిపోతుంది. ఒకే సీసా, ఒకే కంపెనీ, అయినా ఇద్దరు డాక్టర్ల చేతుల్లో ఫలితాలు వేరుగా రావడానికి ఇదొక కారణం.

కడగాల్సిన పనిలేని జిగురు

ఆ తడి లెక్క తప్పించడానికి వచ్చిందే సెల్ఫ్-ఎచ్ పద్ధతి. ఇందులో ఆమ్ల గుణం ఉన్న రెజినే ఖనిజాన్ని కరిగిస్తూ, కరిగినంత మేరా తానే దిగుతుంది. కడగడం, ఆరబెట్టడం అనే మెట్టు ఉండదు. కొల్లాజెన్ కూలిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

ఈ జాతిలో ఎక్కువ గౌరవం దక్కిన అణువు 10-ఎండీపీ. 1980ల మొదట్లో జపాన్ కంపెనీ కురారే దీన్ని తయారుచేసింది. ఇది సందుల్లో దూరి పట్టుకోవడంతో ఆగదు. పంటిలోని కాల్షియంతో రసాయన బంధం కూడా పెట్టుకుంటుంది, ఆ బంధం నీళ్లలో అంత త్వరగా కరగదు. 2011 తర్వాత వచ్చిన యూనివర్సల్ అడ్హెసివ్‌లు చాలావాటిలో ఇదే ప్రధానం.

అలాగని సెల్ఫ్-ఎచ్ అన్నింటా మెరుగని చెప్పలేం. మృదువైన ఆమ్లం డెంటిన్‌కు మంచిది కానీ గట్టి ఎనామిల్‌ను చాలినంతగా గరుకు చేయలేదు. అందుకే అంచుల్లో ఎనామిల్‌కు మాత్రమే ఫాస్ఫారిక్ జెల్ పూసి, డెంటిన్‌ను సెల్ఫ్-ఎచ్‌కు వదిలేసే మధ్యేమార్గాన్ని ఎక్కువమంది పరిశోధకులు సమర్థిస్తున్నారు. నాకూ ఇదే సబబుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇది పంటిలోని రెండు పొరలనూ రెండు వేర్వేరు పదార్థాలుగానే చూస్తుంది.

40 మెగాపాస్కల్స్ అంటే ఎంత? ఎందుకు ఆ అంకె మోసం చేయగలదు?

జిగురు ప్రకటనల్లో, పరిశోధన పత్రాల్లో మెగాపాస్కల్ అనే కొలత తరచూ కనిపిస్తుంది. ఒక చదరపు మిల్లీమీటర్ మీద ఒక న్యూటన్ బలం పడితే ఒక మెగాపాస్కల్. ఒక న్యూటన్ అంటే సుమారు వంద గ్రాముల బరువు. పన్నూ ఫిల్లింగూ కలిసిన ముక్కను ఒక చదరపు మిల్లీమీటర్ మందంతో పుల్లలా కోసి, రెండు కొసలూ పట్టి లాగారనుకుందాం. 40 న్యూటన్ల దగ్గర విరిగితే దాని బలం 40 మెగాపాస్కల్స్. అగ్గిపుల్ల కన్నా సన్నని ఆ పుల్లకు నాలుగు కిలోల బరువు వేలాడదీసినట్టు.

అదే జిగురుతో మూడు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్లను అంటించి పక్కనుంచి నెడదాం. దాని వైశాల్యం సుమారు ఏడు చదరపు మిల్లీమీటర్లు. అది 140 న్యూటన్లకు ఊడిందనుకుంటే 140ని ఏడుతో భాగించాలి, 20 వస్తుంది. జిగురు మారలేదు, అంకె సగమైంది. పెద్ద అతుకులో బుడగో, తడి మిగిలిన చోటో ఉండే అవకాశం ఎక్కువ. చీలిక అక్కడే మొదలై మిగతాదంతా లాక్కుపోతుంది. 1994లో చిన్న పుల్లలతో కొలిచే పద్ధతి వచ్చాక అంకెలు పెరిగాయంటే, జిగుళ్లన్నీ ఒక్కసారిగా బలపడ్డాయని కాదు. కాబట్టి రెండు వేర్వేరు పరీక్షల అంకెల్ని పక్కపక్కన పెట్టి ఏది మేలని తేల్చడం కుదరదు.

ఇంతకన్నా ఆశ్చర్యపరిచే సంగతి గ్లాస్ అయనోమర్‌ది. లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ తయారుచేసిన ఈ సిమెంట్ వివరాలు 1970ల మొదట్లో వెలుగులోకి వచ్చాయి. గాజు పొడి, ఆమ్లం, నీరు కలిసి గట్టిపడే పదార్థమిది. జిగురు పొర అక్కర్లేకుండానే పంటి కాల్షియంతో బంధం పెట్టుకుంటుంది, ఫ్లోరైడ్ విడుదల చేస్తుంది. ప్రయోగశాలలో లాగి చూస్తే దీని అంకెలు దయనీయంగా ఉంటాయి. కొత్త రెజిన్ జిగుళ్లతో పోలిస్తే చాలా తక్కువ. చాలాసార్లు అతుకు ఊడకముందే సిమెంటే విరుగుతుంది.

కానీ నోట్లో ఏం జరుగుతోంది? చిగురు దగ్గర పన్ను అరిగి ఏర్పడే పల్లాల్లో ఫిల్లింగ్‌ను పట్టి ఉంచే ఆకారం ఏదీ ఉండదు. అంతా జిగురు మీదే భారం. అందుకే జిగురును మనుషుల్లో పరీక్షించడానికి ఈ పల్లాల్నే ఎంచుకుంటారు. అలాంటి పరీక్షల్ని కలిపి చూసిన సమీక్షల్లో ఏటా ఊడిపోయేవి గ్లాస్ అయనోమర్‌లోనే అతి తక్కువ, సుమారు 2 శాతం. దాని వెనకే రెండు మెట్లలో పూసే మృదువైన సెల్ఫ్-ఎచ్, ఆమ్లం పూసి కడిగే మూడు మెట్ల పాత పద్ధతి ఉన్నాయి. పని తగ్గించడానికి మెట్లు కుదించిన కొన్ని రకాలు వెనకబడ్డాయి. మొదటి రోజు పట్టు వేరు, ఐదో ఏటి పట్టు వేరు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే బాండింగ్ పరిశోధనలో సగం గందరగోళం వీడిపోతుంది. అయితే గ్లాస్ అయనోమర్ నమలడంలో త్వరగా అరుగుతుంది, పెళుసు కూడా. దవడ పళ్లలో పెద్ద ఫిల్లింగులకు అందుకే వెనకాడతారు.

అతుకును లోపలి నుంచి తినేది ఎవరు?

చాలాకాలం అతుకు చెడిపోవడానికి నీళ్లే కారణమనుకున్నారు. అందులో నిజముంది. తడి గోడను తడపగలగాలని జిగుళ్లలో హెమా లాంటి నీటిని ఇష్టపడే రెజిన్లు కలుపుతారు. ఏ గుణం వల్ల అది డెంటిన్‌లోకి దిగుతుందో, అదే గుణం వల్ల ఏళ్ల తరబడి నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది.

2004లో డేవిడ్ పాష్లీ బృందం ఇంకో కారణం బయటపెట్టింది. ఖనిజం తీసేసిన డెంటిన్‌ను బాక్టీరియా లేకుండా కృత్రిమ లాలాజలంలో 250 రోజులు ఉంచారు. కొల్లాజెన్ చాలా మేరకు మాయమైంది. ప్రొటీన్‌ను కోసే ఎంజైముల్ని ఆపే మందు కలిపిన వాటిలో కొల్లాజెన్ నిలిచింది. అంటే తినేసింది బయటి క్రిమి కాదు, పంటిలోనే ఉన్న ఎంజైములు. పన్ను ఏర్పడిన రోజుల్లోనే అవి ఖనిజంలో కూరుకుపోయి ఉంటాయి. ఆమ్లం ఖనిజాన్ని తీసినప్పుడు బయటపడి మేల్కొంటాయి. రెజిన్ చుట్టుముట్టని కొల్లాజెన్ ఎక్కడ దొరికితే అక్కడ కోయడం మొదలుపెడతాయి.

దీంతో ఆశలు పెరిగాయి. క్లోర్‌హెక్సిడిన్ ఆ ఎంజైముల్ని ఆపగలదు కాబట్టి జిగురుకు ముందు అది పూస్తే సరిపోతుందనుకున్నారు. ప్రయోగశాలలో అతుకు నిజంగానే ఎక్కువకాలం నిలిచింది. రోగుల్లో చేసిన పరీక్షల్లో మాత్రం స్పష్టమైన లాభం కనిపించలేదు. మందు కాలక్రమేణా కారిపోతుందని కొందరంటారు. నోట్లో ఫిల్లింగులు ఊడటానికి ఇతర కారణాలే ముందుంటాయి కాబట్టి ఈ లాభం కనబడే అవకాశమే తక్కువని మరికొందరంటారు. రెండు వాదనల్లోనూ బలముంది. కొల్లాజెన్ పీచుల్ని ఒకదానికొకటి కట్టేసి ఎంజైములకు లొంగకుండా చేసే పదార్థాలు, బాక్టీరియాను చంపే గుణం జిగురులోనే కలిపిన ఎండీపీబీ లాంటి రెజిన్లు కూడా పరిశోధనలో ఉన్నాయి. ఎండీపీబీ ఉన్న జిగురు మార్కెట్లోకి వచ్చింది కూడా.

గట్టిపడుతూ కుంచించుకుపోయే ముద్ద

నీలి వెలుగు పడగానే కాంపోజిట్‌లోని చిన్న అణువులు చేతులు కలిపి దగ్గరకు జరుగుతాయి. దాంతో ఘనపరిమాణం సాధారణంగా 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. చిన్న అంకేగా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

ఘనపరిమాణంలో 2.5 శాతం తగ్గితే ఒక వైపు పొడవులో తగ్గేది దాదాపు అందులో మూడో వంతు, అంటే 0.83 శాతం. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న గుంతలో అది 0.033 మిల్లీమీటర్, 33 మైక్రాన్లు. పళ్లు పుచ్చడంలో పేరుమోసిన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ ఒక మైక్రాన్ లోపే ఉంటుంది. జిగురు గోడను వదిలేస్తే ముప్పైకి పైగా బాక్టీరియా వరుసకట్టి దూరేంత సందు. జిగురు పట్టు వదలకపోతే ఆ లాగుడు పంటి గోడల మీద పడి అవి కొంచెం లోపలికి వంగుతాయి. మిగిలింది ఒత్తిడిగా లోపలే ఉండిపోతుంది.

గుంత ఆకారాన్ని బట్టి ఈ ఒత్తిడి మారుతుందని 1987లో ఫైల్జర్, డి గీ, డేవిడ్సన్ చూపించారు. అంటుకున్న ముఖాల్ని స్వేచ్ఛగా ఉన్న ముఖాలతో భాగించడమే వాళ్ల కొలత, దాని పేరు సీ-ఫ్యాక్టర్. దవడ పన్ను నడిమిలో డబ్బాలాంటి గుంత ఉందనుకోండి. నాలుగు గోడలు, ఒక నేల, మొత్తం ఐదు అంటుకున్నాయి, పైముఖం ఒక్కటే ఖాళీ. సీ-ఫ్యాక్టర్ 5. అదే ముద్దను చదునైన ముఖం మీద అతికిస్తే ఒకటి అంటుకుని ఐదు ఖాళీ, అంటే 0.2. కుంచించుకునేటప్పుడు ఖాళీ ముఖాలు లోపలికి జరిగి ఒత్తిడిని తీసేస్తాయి. డబ్బా గుంతలో ఆ వెసులుబాటు లేదు.

ఒక్కసారే నింపకుండా రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా వేయడానికి ఒక కారణం ఇదే, రెండోది వెలుగు అంతకన్నా లోతుకు చాలినంతగా దిగదని. తర్వాత వచ్చిన బల్క్-ఫిల్ రకాలు నాలుగు మిల్లీమీటర్ల దాకా ఒకేసారి గట్టిపడతాయి. పొరలుగా వేస్తేనే ఒత్తిడి తగ్గుతుందన్న నమ్మకాన్నే ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు. ఇప్పటిదాకా వచ్చిన రోగుల పరీక్షల్లో రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

మరి ఏది ఎక్కువకాలం నిలుస్తుంది?

లిస్బన్‌లో పిల్లల మీద ఏడేళ్లపాటు సాగిన కాసా పియా పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. అమాల్గమ్ ఫిల్లింగుల్లో 94.4 శాతం, కాంపోజిట్‌లో 85.5 శాతం నిలిచాయి. ఫిల్లింగ్ అంచున మళ్లీ పుచ్చే ప్రమాదం కాంపోజిట్‌కు మూడున్నర రెట్లు ఎక్కువ. అమాల్గమ్ పక్షాన మాట్లాడేవాళ్లు మొదట చూపేది దీన్నే, అందులో తప్పులేదు.

అవతలి పక్షం నీల్స్ ఒప్డామ్ బృందం నెదర్లాండ్స్‌లో పన్నెండేళ్ల రికార్డులతో చేసిన అధ్యయనాన్ని ముందుపెడుతుంది. పుచ్చే ప్రమాదం తక్కువ ఉన్నవాళ్లలో కాంపోజిటే మెరుగ్గా నిలిచింది. ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లలో అమాల్గమ్ నెగ్గింది. ఈ రెండు అధ్యయనాలకూ నిజానికి వైరం లేదు. కొత్తగా పుచ్చు వస్తూనే ఉన్న నోట్లో అతుకు మీద దాడి ఎక్కువ, తుప్పుతో సందు మూసుకునే లోహానికి అక్కడ లాభం. శుభ్రంగా ఉన్న నోట్లో ఫిల్లింగ్ పోయేది ఎక్కువగా పన్నో, పదార్థమో విరగడం వల్ల. పన్నును తక్కువ కోసి, గోడల్ని అతికించి పట్టుకునే కాంపోజిట్ అక్కడ గెలుస్తుంది.

దవడ పళ్లలో కాంపోజిట్ ఏడాదికి 2 శాతం అటూ ఇటూగా విఫలమవుతుందని పెద్ద సమీక్షలు చెబుతున్నాయి. ఏటా 2 శాతం చొప్పున పోతే వంద ఫిల్లింగుల్లో పదేళ్లకు 82 మిగులుతాయి. ఏటా మూడున్నర శాతమైతే 70. ఏడాది లెక్కలో ఒకటిన్నర శాతం తేడా కంటికి ఆనదు, పదేళ్లకు అది పన్నెండు పళ్లు.

ఈ లెక్కలు చదివేటప్పుడు ఇంకో సంగతి చూడాలి, విఫలమవడం అనే మాటకు ఎవరు ఏ అర్థం పెట్టుకున్నారన్నది. ఎనిమిదో ఏట అంచు ఒకచోట చిట్లిందనుకుందాం. కాంపోజిట్‌లో ఆ ముక్కవరకే గరుకు చేసి, జిగురు పూసి, కొత్త ముద్దతో అతుకు వేయవచ్చు. మిగతా ఫిల్లింగ్ అలాగే ఉంటుంది, పన్ను కోత పడదు. ఒక అధ్యయనం దాన్ని ఎనిమిదో ఏట పోయిన ఫిల్లింగ్‌గా రాసుకుంటుంది. మరో అధ్యయనం బాగుచేసి నిలబెట్టిన ఫిల్లింగ్‌గా లెక్కేసి పన్నెండో ఏట కూడా బతికున్నదాని కిందే చూపిస్తుంది. నోట్లో ఉన్నది మాత్రం అదే పన్ను, అదే ఫిల్లింగ్.